చేద దించు

నా భార్య నోరు మూయించింది టీచరమ్మ. ఈ మాటలో వాదనకు చోటు లేదు. వాదిస్తామంటే నా దగ్గర వినే ఓపికా లేదు.

నేను రేకు పనివాణ్ని. చేదలు చేస్తాను, పాతవాటికి మాట్లు వేస్తాను. చేద అంటే బావిలోంచి నీళ్లు తోడే రేకు బకెట్టు. ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు కాబట్టి చెబుతున్నాను. వీధి వైపు గది దుకాణం, దాని వెనక గది ఇల్లు, ఆ వెనక వంటగది. కాపురానికి వచ్చిన నాటి నుంచి నా భార్య విన్నది రేకు మీద సుత్తి చప్పుడే. ఆమెకు చదువు రాదు. ప్రార్థనలూ పాటలూ అన్నీ చెవితోనే నేర్చుకుంది. మందిరంలో అందరూ 'నా ప్రాణానికి సేద దీర్చు దేవా' అంటే, ఆమె చెవికి అది 'నా ప్రాణానికి చేద దించు దేవా' అని వినపడింది. చేదలు చేసేవాడి పెళ్లానికి ఇంకెలా వినపడుతుంది? ప్రాణం ఎక్కడో అడుగున పడి ఉంటుందనీ, దేవుడు పైనుంచి చేద దించి దాన్ని చేదుకుంటాడనీ ఆమె అనుకుంది. రోజూ పొయ్యి వెలిగించే ముందు అక్కడే కూర్చుని ఆ మాట అనేది. నేను దుకాణంలో రేకు కత్తిరిస్తూ వినేవాణ్ని. తప్పని నాకూ తెలియదు. నేను చదివింది ఊరి బడి. అక్కడ కూడికలు నేర్పారు, సేద నేర్పలేదు.

ఒకసారి ఆడవాళ్ల కూటంలో ప్రార్థన చేయడానికి ఆమె వంతు వచ్చింది. అందరి ముందూ గట్టిగా అదే మాట అంది. కూటం నడిపేది టీచరమ్మ. బడిలో తెలుగు చెప్పి చెప్పి విరమణ చేసిన మనిషి. బడి వదిలినా దిద్దడం వదల్లేదు.

"చేద కాదమ్మా, సేద. దించడం కాదు, దీర్చడం. దేవుడు మీ ఆయన దుకాణానికి బేరానికి రాలేదు" అని నవ్వింది.

ఆమె నవ్వితే మిగతావాళ్లు ఊరుకుంటారా? కూటమంతా నవ్వింది.

నా భార్య ఇంటికొచ్చి ఈ సంగతి నాకు చెప్పి తనూ నవ్వింది. ఆ తర్వాత ఇక పైకి ప్రార్థన చేయలేదు. ఏ మాట తప్పుతుందో, ఎవరు నవ్వుతారో అని. పొయ్యి దగ్గర కూర్చోవడం మానలేదు గాని పెదవి కదిలేది కాదు. మంచం పట్టాక పాస్టరుగారు వచ్చి, ఒక్క మాట అనమ్మా అని బతిమాలితే తల అడ్డంగా ఊపింది. అలాగే పోయింది.

దేవుడు లేడని నేనెప్పుడూ అనలేదు. ఆయనకూ నాకూ మాటల్లేవు, అంతే. సమాధుల తోట నుంచి తిరిగొచ్చిన రోజే గుమ్మంలో నిలబడి పాస్టరుగారికి చెప్పేశాను, మందిరం మనుషులెవరూ నా గడప తొక్కొద్దని. ముఖ్యంగా ఆ టీచరమ్మ.

ఆ వెనకే వచ్చిన ఎండాకాలం సంగతి ఇది.

కూతురు ఏడో నెల కడుపుతో నా దగ్గరికి వచ్చింది. అల్లుడు లారీ నడుపుతాడు, ఇంటిపట్టున ఉండే పని కాదు. అంతకుముందు ఒక బిడ్డ కడుపులోనే పోయింది. అందుకని ఈసారి డాక్టరమ్మ మంచం దిగొద్దంది. ఎడమ పక్కకు తిరిగి పడుకోవాలంది. బిడ్డ కదలిక గమనించుకుంటూ ఉండాలి, కదలకపోతే క్షణం ఆగకుండా తీసుకురావాలి, లేకపోతే ఇదీ దక్కదంది. ఇదంతా చెప్పి, ఏమాత్రం కంగారు పడకూడదు అని కూడా అంది.

వెనక గదిలో మంచం వేశాం. కూతుర్ని కనిపెట్టుకుని ఉండటానికి మా అక్క వచ్చింది. అక్క నాకన్నా ముందే ఒంటరిదైంది. ఆమెను చూస్తే అలా అనిపించదు. నోరు ఆగదు, చెయ్యి ఆగదు. వచ్చిన రోజే నా మొహం చూసి, ఈ మొహంతో వంటగదిలోకి రాకు, పాలు విరుగుతాయి అంది.

ఆ ఏడాది కుళాయిలు ఎండిపోయాయి. వీధి వీధంతా పాత బావుల మీద పడింది. మూతలు తీశారు, గిలకలకు నూనె పెట్టారు, అటకల మీది చేదలు దులిపి నా దగ్గరికి తెచ్చారు. దుకాణం ముందు మెట్ల మీద తుప్పు పట్టిన చేదలు బారులు తీరాయి. ఏ ఏడూ లేనంత పని. నేను సుత్తి ఎత్తలేకపోయాను.

మొదటి రోజు ఒక చేద అడుగు సరిచేస్తుంటే గోడ అవతల మంచం కిర్రుమంది. సుత్తి గాల్లోనే ఆగిపోయింది. లోపలికి పరిగెత్తాను. కూతురు పక్కకు తిరిగింది, అంతే. అయినా ఇక ఆ గోడ పక్కన దెబ్బ వేయడానికి చెయ్యి రాలేదు. రేకు పెట్టి కొట్టే దిమ్మెను పెరట్లోకి దొర్లించాను. అక్కడికీ చప్పుడు వినపడుతుందేమోనని సుత్తికి గుడ్డ చుట్టాను. గుడ్డ చుట్టిన సుత్తికి రేకు వంగదు, కొట్టేవాడి చెయ్యి వాస్తుంది. అక్క అంట్లు తోముతూ కాసేపు చూసి, రేకును జోకొడుతున్నావా అని అడిగింది.

ఒక్కో పని మధ్యలో లేచి గుమ్మం దగ్గరికి వెళ్లి అడిగేవాణ్ని.

"కదిలిందా?"

"కదిలింది నాన్నా."

మళ్లీ వెళ్లేవాణ్ని. మళ్లీ అదే ప్రశ్న. కొన్నాళ్లకు జవాబు చెప్పడం కూడా విసుగై, నా అడుగు వినపడగానే మంచం మీంచి చెయ్యి పైకెత్తి చూపించేది. చెయ్యి లేచిందంటే కదిలిందని. నిద్రలో ఉంటే ఆ చెయ్యి లేచేది కాదు. అప్పుడు గుమ్మం పట్టుకుని నిలబడి, దుప్పటి లేస్తోందా పడుతోందా అని చూస్తూ ఉండేవాణ్ని. ఎవరో దుకాణంలో కేకలు వేసేవాళ్లు, చేద అయిందా అని. కాలేదు పొమ్మనేవాణ్ని.

బావిలో చేద వదిలితే నీళ్లను తాకిన చప్పుడు ఇట్టే వచ్చేది ఒకప్పుడు. ఆ ఎండల్లో నీళ్లు అడుగుకు పోయాయి. తాడు చేతుల్లోంచి జారుతూనే ఉంటుంది, చెవి కింద ఉంటుంది, చప్పుడు రాదు. తాడు అయిపోతుందేమో, నీళ్లు లేవేమో అనిపించే ఆ కాస్త సేపు ఎలా ఉంటుందో బావి వాడినవాళ్లకు తెలుసు. నాకు ఆ ఎండాకాలమంతా ఆ కాస్త సేపే.

ఒక మధ్యాహ్నం కూతురు పిలిచింది. లోపలంతా ఎండిపోయినట్టుంది నాన్నా అంది. నేను నీళ్లు తెచ్చాను. దాహం కాదంది. పాలు తెమ్మంటావా అన్నాను. అదీ కాదంది. కళ్లు మూసుకుంటే ముందు పోయిన బిడ్డే గుర్తొస్తోందని, నిద్ర పట్టిన మరుక్షణమే ఉలిక్కిపడి లేస్తున్నానని చెప్పింది. అమ్మ ఉంటే పక్కన కూర్చుని ప్రార్థన చేసేదంది.

"మీ అత్తను చేయమను" అన్నాను.

"అత్త ప్రార్థనలో దేవుడికి కూడా చీవాట్లు పడుతున్నాయి నాన్నా. కూటం వాళ్లను ఒక్కసారి రమ్మను."

నేను బయటికి వచ్చేశాను. అక్క నా వెనకే వచ్చింది. పిల్ల అడిగింది కొండమీది కోతిని కాదు, నలుగురు ఆడవాళ్లు వచ్చి కూర్చుని పోతారు, నీకేం పోయిందంది. ఎవరైనా రావచ్చు, ఆమె తప్ప, అన్నాను. ఆమెను వద్దంటే మిగతావాళ్లకు ఏ మొహం పెట్టుకుని రమ్మని చెప్పను అంది అక్క. అయితే ఎవరూ వద్దన్నాను.

అక్క కొంగుతో చేతులు తుడుచుకుంది.

"పంతం నీది. మోసేది మాత్రం మంచం మీదున్న పిల్ల. కాస్త ఆలోచించుకో" అని లోపలికి వెళ్లిపోయింది.

నేను ఆలోచించుకోలేదు. నా భార్య నోరు కట్టేసిన మనిషి నా భార్య పడుకున్న గదిలోకి రావడం జరగదని అనుకున్నాను.

అక్క కబురు పెట్టిందో, పాస్టరుగారు చెప్పారో, మర్నాడు టీచరమ్మే వచ్చింది. గొడుగు ముడిచి దుకాణం మెట్టు కింద నిలబడింది. వయసు మీద పడింది, నడుం కాస్త వంగింది. అమ్మాయిని చూసిపోతానంది.

"ఇది దుకాణం. చేద ఏమైనా ఉంటే ఇవ్వండి, మాటు వేసి ఇస్తాను" అన్నాను.

"ఒక్క నిమిషం ప్రార్థన చేసి వెళ్లిపోతానయ్యా."

"మీ తెలుగు మా ఇంట్లో ఎవరికీ అర్థం కాదు టీచరుగారూ."

ఆమె మొహం పాలిపోయింది. నాకు బాగానే ఉంది. తల దించుకుని వెళ్లిపోతుందనుకున్నాను. ఆమె వీధి దాటి, ఎదురుగా దర్జీ దుకాణం పందిరి కింద నిలబడింది. అక్కడి నుంచి మా ఇంటివైపు తిరిగి కళ్లు మూసుకుంది. పెదవులు కదులుతూ ఉన్నాయి. చాలాసేపు అలాగే నిలబడి, గొడుగు తెరుచుకుని వెళ్లిపోయింది.

మర్నాడు అదే వేళకు మళ్లీ వచ్చింది. ఆ మర్నాడూ. లోపలికి రానివ్వమని మళ్లీ అడగలేదు. వీధి నాది కాదు కాబట్టి నేనూ ఏమీ అనలేదు. నీళ్లు లేని కాలంలో ఎవరైనా ఒకచోట కదలకుండా నిలబడితే చాలు, వెనక వరుస కడతారు. ఒకరోజు ఎవరో ఆమెను చూసి నీళ్ల ట్యాంకరు వస్తోందనుకుని వెనక బిందె పెట్టారు. అది చూసి ఇంకొకరు. కళ్లు తెరిచి చూసేసరికి ఆమె వెనక వీధి మలుపు దాకా బిందెలు. ట్యాంకరు ఎప్పుడొస్తుందమ్మా అని అడిగారు. ట్యాంకరు ఏమిటి, నేను ప్రార్థన చేస్తున్నాను అంది పాపం. జనం ఊరుకుంటారా, చెడామడా తిట్టారు. ఎర్రటి ఎండలో నిలబెట్టిందని, పని చెడగొట్టిందని. ఆమె ఒక్కరికీ ఎదురు చెప్పలేదు.

అక్క దుకాణంలోంచి ఇదంతా చూసి లోపలికెళ్లి కూతురికి చెప్పింది. ఇద్దరూ నవ్వారు. కూతురు కడుపు మీద చెయ్యి పెట్టుకుని, వద్దత్తా, నవ్వించకు అంటూ నవ్వింది. ఇంటికి వచ్చాక అది నవ్వడం అదే మొదలు. నేను నవ్వలేదు.

నాకు ఇంకొకటి కూడా తెలిసింది. ఆమె ఎదురుగా నిలబడిన ఆ కాస్త సేపే కూతురికి నిద్ర పడుతోంది. ముందు ఎండ వల్ల అనుకున్నాను. ఒకరోజు ఆమె ఆలస్యంగా వచ్చింది. ఆ రోజు నిద్ర కూడా ఆలస్యంగానే పట్టింది. గుమ్మంలోంచి దుకాణం మీదుగా వీధి కనపడేలా అక్క మంచం జరిపిందని అప్పుడు గమనించాను. నన్నడిగి జరపలేదు. చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాను. కోపం మాత్రం పెరిగింది. నా కూతురి నిద్ర ఆ మనిషి చేతిలో ఉండటమేమిటి?

ఆ తర్వాత ఆ రోజు వచ్చింది.

పొద్దున గుమ్మం దగ్గరికి వెళ్తే చెయ్యి లేవలేదు. నిద్ర అనుకున్నాను. కళ్లు తెరిచే ఉన్నాయి.

"కదిలిందా?"

"ఇంకా లేదు."

అక్క తీపి పాలు తాగించింది. ఎడమ పక్కకు తిప్పి నడుం రాసింది. కూతురు కడుపు మీద రెండు చేతులూ ఆనించి, తలుపు తట్టి లోపలివాళ్ల అలికిడి కోసం వినే మనిషిలా పడుకుంది. నేను గదిలోకీ దుకాణంలోకీ తిరిగాను. ఏం పట్టుకున్నానో ఏం వదిలానో తెలియదు. ఎండ ముదిరినా కదల్లేదు. అక్క నా వైపు చూసి తల ఊపింది. ఆస్పత్రికి ఫోన్ చేశాను. అంబులెన్సు పంపుతున్నామన్నారు, ఎత్తుకుని ఆటోలో కుదిపి తీసుకురావద్దన్నారు.

అంబులెన్సు రాలేదు. మళ్లీ చేశాను. బయల్దేరిందన్నారు. ప్రధాన వీధిలో ట్యాంకరు చుట్టూ జనం మూగి దారి మూసేశారని దర్జీ వచ్చి చెప్పాడు, వాళ్లను తప్పించడానికి తనే పరిగెత్తాడు. కూతురు పెదవులు తెల్లబడ్డాయి. అది ఏడవడం లేదు. ఏడ్చినా బాగుండేది.

అక్క చెప్పులు కూడా వేసుకోకుండా వీధి దాటి వెళ్లి, పందిరి కింద నిలబడ్డ టీచరమ్మ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. నన్నడగలేదు. నేను గుమ్మంలో ఉన్నాను. నన్ను దాటితే గాని గదిలోకి దారి లేదు. ఇద్దరూ నా ముందు ఆగారు.

నేను పక్కకు జరిగాను. రమ్మనలేదు. జరిగాను.

టీచరమ్మ మంచం పక్కన మోకరించింది. మోకాళ్లు పట్టక గోడ ఆనుకుని మెల్లగా దిగింది. కూతురి చెయ్యి తీసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. మంచి తెలుగు. పరలోకమందున్న తండ్రీ అని ఎత్తుకుని, రెండు వాక్యాలు గుండ్రంగా సాగాయి. మూడో వాక్యం మధ్యలో ఆగింది. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. జీవితమంతా పిల్లలకు మాటలు నేర్పిన మనిషికి ఆ మంచం పక్కన ఒక్క మాట దొరకలేదు. అక్క మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

కూతురు పైకప్పు వైపు చూస్తూ, అమ్మ మాట ఎవరైనా అనండి అంది.

తల నా వైపు తిప్పింది.

"నాన్నా, నాకు నోరు పెగలడం లేదు. నువ్వను."

నేను టీచరమ్మను చూశాను. ఆమె తల వంచుకునే ఉంది. ఆ మాట విని నవ్విన మనిషి ఆమె. ఇప్పుడు నేను నోరు తెరిస్తే నా భార్యను మళ్లీ తీసుకొచ్చి ఆమె ముందు నిలబెట్టినట్టే. ఆమె పెదవి కొస కాస్త వంకర తిరిగినా చాలు, ముసలిదని చూడను, చెయ్యి పట్టుకుని వీధిలోకి నెడతాను. అలా నిశ్చయించుకున్నాకే నోరు తెరిచాను.

"దీని ప్రాణానికి చేద దించు" అన్నాను.

అంతవరకే అనగలిగాను. చివరి మాట రాలేదు. ఎవర్ని పిలవాలో తెలుసు, పిలవడానికి గొంతు ఒప్పుకోలేదు.

టీచరమ్మ తల ఎత్తలేదు.

"దేవా, చేద దించు" అంది.

నా చెవులు బాగానే పనిచేస్తాయి. చేద అనే అంది. పిల్లవాడికి పలక మీద రాయించేటప్పుడు పలికినట్టు, ప్రతి అక్షరం విడివిడిగా, చేద అనే అంది. దించు అనే అంది. అక్క అందుకుంది. తర్వాత కూతురి గొంతు కూడా వచ్చింది, సన్నగా. ఒకరు ఆపితే ఒకరు, బరువైన చేదను నలుగురు తాడు పట్టి లాగినట్టు, ఆ ఒక్క మాటే అంటూ పోయాం. నేను కూడా అన్నాను. ఈసారి చివరి మాటతో సహా.

బిడ్డ కదల్లేదు. ఇది గట్టిగా చెబుతున్నాను. ఆ మాట అనగానే కడుపులో బిడ్డ గంతులేసిందని మందిరంలో చెప్పుకుంటున్నారట. అది అబద్ధం. బిడ్డ కదల్లేదు, బండి రాలేదు, ఎండ తగ్గలేదు. జరిగింది వేరు, అదీ నాకు. నా భార్య పోయిన నాటి నుంచి పళ్లు బిగించుకునే తిరుగుతున్నానని నాకు అప్పటిదాకా తెలియదు. దవడలు వదులయ్యాక తెలిసింది. గాలి లోపలికంటా దిగింది. భయం పోలేదు, మాతోపాటు ఆ గదిలోనే నిలబడి ఉంది, కానీ నా గొంతు మీంచి చెయ్యి తీసింది. మండుటెండలో నడిచి నడిచి వచ్చినవాడి మెడ మీద ఎవరో తడిగుడ్డ వేసినట్టుంది. దీన్నే సేద అంటారేమో నాకు తెలియదు. నాకు చదువు లేదు.

దర్జీ అరుపు వినపడింది. బండి వచ్చింది.

ఆస్పత్రిలో కడుపు మీద ఏదో గొట్టం ఆనించి విన్నారు. గుండె కొట్టుకుంటోంది గాని నీరసంగా ఉంది, ఇక ఆగకూడదు, ఇప్పుడే కోసి తీయాలన్నారు. కూతుర్ని లోపలికి తోసుకెళ్లారు. చక్రాల మంచం మలుపు తిరిగేటప్పుడు అది నా వైపు చూసి చెయ్యి పైకెత్తింది. కదిలిందనో, భయపడకు అనో. అడిగే వీలు లేదు.

తలుపు మూసుకుంది. నేను బయట బల్ల మీద కూర్చున్నాను.

ఆ తర్వాత నేను చేసిన పని చెబితే ఎవరూ నమ్మరు. కూతురు లోపల చావు బతుకుల్లో ఉంటే నేను నిద్రపోయాను. కునుకు కాదు, నిద్ర. భార్య పోయాక అలాంటి నిద్ర నాకు లేదు. రోజూ పడుకుంటే గోడనో, పైకప్పునో చూస్తూ తెల్లవారేది. ఆ రోజు పట్టపగలు, జనం తిరిగే వరండాలో, చెక్క బల్ల మీద, చంటిపిల్లాడిలా నిద్రపోయాను.

ఎవరో భుజం పట్టి కుదిపితే లేచాను. అక్క.

"కూతురిని కోతకు పంపి గురకలు పెడుతున్నావా? వరండా అంతా వినపడుతోంది" అంది. అంటూనే ఏడుస్తోంది. ఏడుస్తూ నవ్వుతోంది. అప్పుడు గాని నాకు అర్థం కాలేదు.

మొహానికి గాలి తగులుతోంది. పక్కకు చూశాను. బల్ల ఆ చివర టీచరమ్మ కూర్చుని, పైటకొంగుతో నాకు విసురుతోంది. ఎంతసేపటి నుంచి విసురుతోందో తెలియదు. నేను లేచింది చూసి కొంగు భుజం మీద వేసుకుని అటు తిరిగింది. నేనూ ఇటు తిరిగాను.

నర్సు బయటికి వచ్చి ఆడపిల్ల అంది. తల్లి క్షేమం. పిల్ల బాగా చిన్నది, కొన్నాళ్లు అద్దాల పెట్టెలో ఉంచాలంది. కదులుతోందా అని అడిగాను. నాకు వేరే ప్రశ్న రాదు అప్పటికి.

"కదలడమా? కాళ్లు ఝాడిస్తోంది. మీ ఇంట్లో అందరికీ ఇంతే కోపమా?" అంది నర్సు.

మా అక్క నా వైపు చూసి, అందరికీ కాదు అంది.

అద్దాల పెట్టె దగ్గరికి ఒక్కొక్కరినే రానిచ్చారు. నేను వెళ్లినప్పుడు పిల్ల పిడికిలి అంత మొహం పెట్టుకుని పడుకుని ఉంది. అయినా భయం వదల్లేదు. ఇంటికి వచ్చేదాకా, వచ్చిన తర్వాత కూడా, ఊపిరి ఉందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూనే ఉన్నాను. ఇప్పటికీ చూస్తాను. అయితే అలా చూసి వచ్చాక పడుకుంటే నిద్ర పడుతుంది. తేడా అంతే. చిన్న తేడా అనుకునేవాళ్లు అనుకోండి.

వానలు పడ్డాక ఒకరోజు టీచరమ్మ దుకాణానికి వచ్చింది. గొడుగు తడిసి ఉంది. నేను పనిలో ఉన్నాను.

"ఆ రోజు కూటంలో నేను మీ ఆవిడను" అని మొదలుపెట్టింది.

నేను సుత్తి ఎత్తి రేకు మీద కొట్టాను. గుడ్డ లేని సుత్తి. ఆమె ఆగింది. నేనూ ఆగాను. ఆమె మళ్లీ నోరు తెరిచింది. నేను మళ్లీ కొట్టాను. కొంతసేపు అలాగే నడిచింది. చివరికి ఆమె అర్థం చేసుకుని, లోపలికి వెళ్లి పిల్లను చూడొచ్చా అని అడిగింది. దానికి సుత్తి ఎత్తలేదు. ఆమె వెళ్లింది. కూతురు పిల్లను ఆమె చేతిలో పెట్టింది.

నేను క్షమించలేదు. క్షమించానని మందిరంలో ఎవరైనా చెబితే అదీ అబద్ధమే. ఆమె నవ్విందన్నది మారదు. నా భార్య మళ్లీ నోరు తెరవలేదన్నదీ మారదు. ఆ గదిలో ఆమె నాతోపాటు చేద అందన్నది కూడా అంతే. మూడూ నిజమే. మూడూ ఉంటాయి. ఎలా ఇముడుతాయో చూసుకోవాల్సింది నేను కాదు.

ఆదివారాలు మందిరానికి వెళ్తున్నాను. చెప్పులు విడిచే చోటికి దగ్గరగా, ఆఖరి వరుసలో కూర్చుంటాను. పాటలు పాడను. కళ్లు మూసుకుంటాను. ఒక్కోసారి ఏమీ ఉండదు. ఒక్కోసారి ఆ రోజు గదిలో దిగిన గాలి మళ్లీ దిగుతుంది. అందుకోసం వెళ్తాను. పాస్టరుగారి ప్రసంగం కోసం కాదు, ఆయనకూ అది తెలుసు.

ఈమధ్య ఆయన పట్టుకున్నారు. వచ్చేవారం ముందుకొచ్చి సాక్ష్యం చెప్పమన్నారు. దేవుడు చేసిన మేలు దాచకూడదన్నారు, నాలాంటివాళ్లు పదిమంది ఉంటారు, వింటే వాళ్లకు బలం వస్తుందన్నారు. మైకు తగ్గించి పెట్టిస్తానని కూడా అన్నారు. అల్లుడు ఆయనకు వంత పాడాడు. అక్క పాడలేదు, అదే వింత.

కుదరదన్నాను. ముందుకు వెళ్తే చప్పట్లు కొడతారు. బిడ్డ గంతులేసిందని చెప్పమంటారు. నేను నిద్రపోయానంటే నవ్వుతారు. మేం నలుగురం ఆ గదిలో ఒక మాట అన్నాం, అది నా లోపలికి దిగింది. దాన్ని ఎత్తుకెళ్లి వేదిక మీద నిలబెట్టను.

చెప్పాల్సింది ఇక్కడ చెప్పాను. పాస్టరుగారు అడిగినా సరే, అల్లుడు అడిగినా సరే, రేపు మాటలొచ్చి ఆ పిల్లే నా ఒళ్లో కూర్చుని అడిగినా సరే, దీని గురించి నేను ఇంకెప్పుడూ మాట్లాడను.